బైసెక్సువల్ అనే మాటని తెలుగులో సరిగ్గా వాడటం ఎలా

కొన్నేళ్ళ క్రితం ఒక ఇంటర్వ్యూని తెలుగులోకి మార్చే పని ఒప్పుకున్నాను. అందులో ఒకావిడ తన గురించి చెప్పుకుంటూ బైసెక్సువల్ అనే మాట వాడింది. నేను అక్కడ కాసేపు ఆగి, నిఘంటువు తిరగేసి, "నేను ద్విలింగ వ్యక్తిని" అని రాసి పంపించేశాను. మర్నాడు సరిచూసే మేడం ఫోన్ చేసి, "ఏమండీ, ఈవిడ మనిషా, మందారపువ్వా?" అన్నారు. నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. బడిలో మందారపువ్వుని నిలువుగా కోసి బొమ్మ గీసి, కేసరావళి, అండకోశం రెండూ ఒకే పువ్వులో ఉంటే అది ద్విలింగ పుష్పం అని పక్కన రాసుకున్న పాఠమే నేను మనిషికి తగిలించేశాను.

ఈ మాట దగ్గర తడబడేది నేనొక్కణ్ణే కాదు. వార్తల్లో, కామెంట్లలో, ఇంట్లో మాటల్లో రోజూ ఎవరో ఒకరు తడబడుతూనే ఉన్నారు. కావాలని అవమానించేవాళ్ళని వదిలేయండి, వాళ్ళకి ఈ వ్యాసం పనికిరాదు. సరిగ్గా వాడదామని ఉండి కూడా ఎలాగో తెలియని వాళ్ళ కోసం, నేను తప్పులు చేసి నేర్చుకున్న వరసలోనే చెప్తాను.

మొదటి అడుగు: పువ్వుని పక్కన పెట్టండి

ముందు ఒక ఊరట. ఈ గందరగోళం తెలుగువాళ్ళు తెచ్చిపెట్టింది కాదు. ఇంగ్లీషులో కూడా ఈ మాట మొదట మొక్కలకీ జంతువులకీ వాడిందే, ఒకే ఒంట్లో ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నవని చెప్పడానికి. మనుషుల ఆకర్షణ గురించి వాడటం చాలా తర్వాత, 1892లో చాడక్ అనే అమెరికన్ డాక్టర్ జర్మన్ నుంచి ఒక వైద్యగ్రంథాన్ని అనువదించినప్పటి నుంచి కనిపిస్తుంది. అంటే ఈ అర్థం కూడా ఒక అనువాదంలోంచే వచ్చింది, అది తలుచుకుంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

ఇంకో తమాషా ఏంటంటే, మనుషుల లైంగిక జీవితం మీద 1948లో పెద్ద అధ్యయనం అచ్చువేసిన ఆల్‌ఫ్రెడ్ కిన్సీకి కూడా ఈ మాట నచ్చలేదు. ఆయన అంతకుముందు కందిరీగల జాతికి చెందిన చిన్న పురుగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన జీవశాస్త్రవేత్త. ఒంట్లో రెండు రకాల భాగాలూ ఉన్న జీవికి వాడే మాటని తీసుకొచ్చి ఆకర్షణకి పెట్టడమేంటని ఆయన అభ్యంతరం. ఆయన అభ్యంతరం అలాగే ఉండిపోయింది, మాట మాత్రం జనంలో పాతుకుపోయింది.

కాబట్టి మొదట మనసులో దిద్దుకోవాల్సింది ఇది: ఈ మాట ఒంటి గురించి కాదు. మనసు ఎవరి వైపు మొగ్గుతుంది అనేదాని గురించి. అందుకని ద్విలింగ, ఉభయలింగ అనే మాటలు మనుషుల విషయంలో వాడకండి. వాటిని చదివినవాళ్ళు శరీర నిర్మాణం గురించి అనుకుంటారు. పుట్టుకతోనే శరీర లక్షణాలు ఆడ, మగ అనే మామూలు మూసలో ఇమడని ఇంటర్‌సెక్స్ మనుషులతో కలిపేస్తారు. అది పూర్తిగా వేరే సంగతి.

రెండో అడుగు: అర్థాన్ని మూడు "అక్కర్లేదు"లతో పట్టుకోండి

ఒకటి కంటే ఎక్కువ జెండర్ల (ఆడ, మగ, ఇంకా మనుషులు తమని తాము అనుకునే వేరే గుర్తింపుల) మనుషుల పట్ల ఆకర్షణ కలగగలిగిన వ్యక్తి బైసెక్సువల్. ఇందులో "కలగగలిగిన" అన్న మాటని మింగేయకండి. అసలు అర్థమంతా అక్కడే ఉంది.

ఈ విషయం మీద చాలాకాలంగా పనిచేస్తున్న రాబిన్ ఆక్స్ అనే అమెరికన్ కార్యకర్త చెప్పే నిర్వచనం బాగా వాడుకలో ఉంది. దాని సారం ఏంటంటే, ఆ ఆకర్షణ ఒకే సమయంలో ఉండక్కర్లేదు, ఒకే రకంగా ఉండక్కర్లేదు, ఒకే మోతాదులో ఉండక్కర్లేదు. వీటిని విడివిడిగా చూడండి, లేకపోతే పైపైన తలూపేసి వెళ్ళిపోతాం.

సమయం సంగతి. పద్దెనిమిదేళ్ళప్పుడు తోటి అమ్మాయి మీద మనసు పడిన అమ్మాయికి ముప్పై దాటాక ఒక అబ్బాయి నచ్చొచ్చు. అప్పటిది అబద్ధం కాదు, ఇప్పటిది సర్దుబాటూ కాదు.

రకం సంగతి. ఒకరి విషయంలో చూడగానే గుండె వేగంగా కొట్టుకునే తరహా, ఇంకొకరి విషయంలో ఏడాది పాటు కలిసి పనిచేశాక నెమ్మదిగా తెలిసొచ్చే తరహా. రెండూ ఆకర్షణే.

మోతాదు సంగతి దగ్గర మాత్రం ఎక్కువమంది బోర్లాపడతారు. బై అంటే రెండు కాబట్టి సగం సగం ఉండాలి, త్రాసులో పెడితే ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడాలి అనుకుంటారు. అలాంటి రూలేం లేదు. కిన్సీ తయారుచేసిన కొలబద్ద సున్నా నుంచి ఆరు దాకా ఉంటుంది. సున్నా అంటే పూర్తిగా వేరే జెండర్ వైపు, ఆరు అంటే పూర్తిగా తన జెండర్ వైపు. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న మేర అంతా మధ్యదే, మూడు ఒక్కటే కాదు. అన్నట్టు అది డాక్టరు రాసిచ్చే పరీక్ష కాదు. ఆన్‌లైన్‌లో పది ప్రశ్నలడిగి మార్కులేసే క్విజ్‌లు సరదాకి పనికొస్తాయేమోగానీ వాటిని పట్టుకుని మీ గురించి మీరు తీర్పు రాసుకోకండి.

మూడో అడుగు: ఆకర్షణ, అనుభవం, పేరు, ఈ మూడింటినీ విడదీయండి

"నువ్వు ఇద్దరితోనూ ఉన్నావా? లేదా? మరి నీకెలా తెలుసు?" ఇది బైసెక్సువల్ మనుషులకి పదే పదే ఎదురయ్యే ప్రశ్న. దీన్ని తిప్పి మీకే వేసుకోండి. మీరు స్ట్రెయిట్ అయితే, అంటే మీకు వేరే జెండర్ వాళ్ళే నచ్చేట్టయితే, ఎవరి చెయ్యీ పట్టుకోక ముందే, హైస్కూల్లో ఉండగానే, మీకు ఎవరు నచ్చుతారో మీకు తెలుసు కదా? దానికి ఎవరూ అనుభవ ధృవపత్రం అడగలేదు కదా?

ఆకర్షణ అనేది లోపల కలిగేది. అనుభవం అనేది జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు. ఇక పేరు అనేది ఆ మనిషి తనకి తాను పెట్టుకునేది. రెండు జెండర్ల వాళ్ళతోనూ సంబంధాలున్న మనిషి తనని బైసెక్సువల్ అనుకోకపోవచ్చు. ఎవరితోనూ ఏ సంబంధమూ లేని మనిషి అనుకోవచ్చు. పేరు పెట్టే హక్కు పక్కవాళ్ళకి లేదు, అంతే.

పెళ్ళి దగ్గర ఈ లెక్క మరీ తప్పుతుంది. బైసెక్సువల్ ఆవిడ ఒక మగవాణ్ణి పెళ్ళి చేసుకుంటే "హమ్మయ్య, దారిలో పడింది" అంటారు. ఆడమనిషితో కలిసి ఉంటే "ఆఖరికి లెస్బియన్ అని తేలింది" అంటారు. పక్కన ఎవరున్నారో చూసి ఈవిడ పేరు మార్చేస్తున్నారన్నమాట. బైసెక్సువల్ జెండా చూస్తే ఈ బాధ అర్థమవుతుంది. 1998లో మైకేల్ పేజ్ దాన్ని తయారుచేశాడు. పైన వెడల్పుగా గులాబీ రంగు, కింద అంతే వెడల్పుగా నీలం, ఆ రెండూ కలిసే మధ్యలో సన్నటి ఊదారంగు చార. ఆ ఊదా రంగు అటు గులాబీలోనూ ఇటు నీలంలోనూ కలిసిపోయి ఎవరి కంటా పడదు, మా పరిస్థితీ అదే అని ఆయన ఉద్దేశం. 1999 నుంచి ఏటా సెప్టెంబర్ 23న జరుపుకునే రోజుని కూడా బై విజిబిలిటీ డే అని, అంటే ఈ "కనిపించడం" అనే మాటతోనే పిలుస్తుంటారు.

నాలుగో అడుగు: పక్కన పెట్టే క్రియల్ని చూసుకోండి

నా మటుకు నాకు ఇదే అసలు పని. బైసెక్సువల్ అనే మాటని చాలామంది సరిగ్గానే రాస్తారు, దాని పక్కన తెచ్చిపెట్టే తెలుగు క్రియ దగ్గర కొంప ముంచుతారు.

"తాను బైసెక్సువల్‌నని ఒప్పుకున్న నటి" అని రాస్తారు. ఒప్పుకోవడం ఎప్పుడు? దొంగతనమో తప్పో చేసినప్పుడు. "చెప్పిన నటి" అని రాయండి చాలు, వాక్యం చిన్నదవుతుంది కూడా. "గుట్టు విప్పింది", "బాంబు పేల్చింది" కూడా ఇదే కోవ. ఆవిడ పేల్చిన బాంబేమీ లేదు, తన గురించి ఒక ముక్క చెప్పింది.

"బైసెక్సువల్‌గా మారాడు" అనేది ఇంకోటి. నిన్నటిదాకా లేనిది ఇవాళ అయిపోయినట్టు. మారింది ఆయన కాదు, మనకి తెలిసిన సంగతి. "బైసెక్సువల్ అని చెప్పాడు", "బైసెక్సువల్ అని తెలిసింది", "బైసెక్సువల్ అని గుర్తించాడు" వీటిలో సందర్భానికి ఏది సరిపోతే అది వాడండి.

"ఆ అలవాటు ఉంది", "ఆ టైపు", "అటు ఇటు కాని వాడు" వీటి గురించి వివరించక్కర్లేదనుకుంటా. అలవాటు అంటే మానుకోగలిగేది. ఇది గోళ్ళు కొరుక్కోవడం లాంటిది కాదు.

"బైసెక్సువల్ లక్షణాలు ఏమిటి?" అని వెతికేవాళ్ళు చాలామంది. లక్షణాలు అనగానే జ్వరం, దగ్గు లైన్లోకి వచ్చేస్తుంది. ఇది రోగం కాదు. స్వలింగ ఆకర్షణని మానసిక రోగాల జాబితాలోంచి అమెరికా సైకియాట్రీ సంఘం 1973లో తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. కాబట్టి "నేను బైసెక్సువల్‌ననేది నాకెలా తెలుస్తుంది?" అని అడగండి, మంచి ప్రశ్న, దానికి చివర్లో వస్తాను.

ఇక సంపర్కం. మన వార్తల్లో స్వలింగ సంపర్కులు అనే మాట ఎంత స్థిరపడిపోయిందంటే దాని జతగా బైసెక్సువల్‌కి "ద్విలింగ సంపర్కులు" అని కూడా కొందరు కట్టేశారు. ఒక మనిషి ఎవరిని ప్రేమించగలడు, ఎవరితో జీవితం ఊహించుకోగలడు అన్నదంతా మంచం దగ్గరికి కుదించేసే మాట అది. మీ చుట్టూ ఉన్న మొగుడూ పెళ్ళాలని "భిన్నలింగ సంపర్క దంపతులు" అని పిలిచి చూడండి, ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో.

అచ్చులో తెలుగు మాటే కావాలంటే ద్విలైంగిక, ద్విలైంగికత అనేవి ఉన్నాయి. వ్యాసాల్లో పరవాలేదు. నోటి మాటకి మాత్రం బరువు. "మా తమ్ముడు ద్విలైంగికుడు" అని ఇంట్లో ఎవరూ అనరు, "మా తమ్ముడు బైసెక్సువల్" అనే అంటారు. నేనైతే ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో రాస్తాను, బస్సునీ పెన్నునీ రాసినట్టే.

రాసేటప్పుడు విడగొట్టకండి. "బై సెక్సువల్" అని మధ్యలో ఖాళీ వదిలితే చదివేవాళ్ళ కన్ను "సెక్సువల్" మీదే పడి ఆగిపోతుంది. ఇంగ్లీషులో కూడా మధ్యలో గీత పెట్టకుండా కలిపే రాస్తారు. పొట్టిగా "బై" అనొచ్చు, కానీ తెలుగులో జాగ్రత్త, "రవి బై అన్నాడు" అంటే రవి వెళ్ళిపోయాడనుకుంటారు. మొదటిసారి పూర్తి మాట రాసి, ఆ తర్వాత కావాలంటే పొట్టి చేసుకోండి.

ఐదో అడుగు: గోడ మీద పిల్లినీ రెండు పడవల్నీ వదిలేయండి

ఎటు లాభం ఉంటే అటు దూకేవాణ్ణి గోడ మీద పిల్లి అంటాం. బైసెక్సువల్ మనుషులకి ఈ పేరు పెట్టడం చాలామందికి తెలివైన జోకులా అనిపిస్తుంది. కానీ పిల్లి దూకడానికి చూస్తూ కూర్చుంటుంది, వీళ్ళు దేనికోసం ఎదురుచూడటం లేదు. ఇదీ ఒక ఇల్లే, గోడ కాదు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవాడు మునుగుతాడంటారు చూడండి, అది ఒకేసారి ఇద్దరితో నడిపేవాళ్ళకి వర్తిస్తుందేమో. అలాంటివాళ్ళు స్ట్రెయిట్‌లో లేరా? ఇద్దరిలో ఎవరైనా నచ్చగలగడం వేరు, ఇద్దరూ ఒకేసారి కావాలనడం వేరు. మీకు పొడుగువాళ్ళూ నచ్చుతారు, పొట్టివాళ్ళూ నచ్చుతారు అనుకోండి, పొడుగాయన్ని పెళ్ళి చేసుకున్నాక రోజూ పొట్టివాళ్ళ కోసం వెతుక్కుంటూ తిరగరు కదా. నమ్మకం నిలబెట్టుకోవడం మనిషిని బట్టి ఉంటుంది.

ఆరో అడుగు: పక్కింటి మాటలతో కలపకండి

ఇక్కడ త్వరగా వెళ్దాం. ట్రాన్స్‌జెండర్ అనేది "నేను ఎవరు" అన్నదానికి జవాబు, బైసెక్సువల్ అనేది "నాకు ఎవరు నచ్చుతారు" అన్నదానికి. ఒకే మనిషి రెండూ కావచ్చు. లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్ అనే మాటల మొదటి అక్షరాలు కలిపిన ఎల్జీబీటీలో మూడో అక్షరం బైసెక్సువల్‌ది, నాలుగోది ట్రాన్స్‌జెండర్‌ది. ఆ మూడో అక్షరం వరస నింపడానికి పెట్టింది కాదు. 1970లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రైడ్ ఊరేగింపుని (ఈ నలుగురూ తమ హక్కుల కోసం, గర్వంగా బయటికొచ్చి చేసే ఊరేగింపు) ఏర్పాటుచేసినవాళ్ళలో ముఖ్యురాలైన బ్రెండా హవార్డ్ బైసెక్సువలే.

పాన్‌సెక్సువల్ అనే మాట వినే ఉంటారు. పాన్ అంటే గ్రీకులో అంతా అని. జెండర్ ఏదైనా తనకి లెక్కలోకి రాదనేవాళ్ళు ఎక్కువగా ఆ మాట ఎంచుకుంటారు. బై అంటే రెండు కాబట్టి బైసెక్సువల్ మనుషులు ఆడ, మగ తప్ప వేరే జెండర్లని ఒప్పుకోరు అనే వాదన ఒకటి తిరుగుతుంటుంది, దాన్ని నమ్మకండి. మా మాటలో ఉన్న రెండుని పట్టుకుని జెండర్లు రెండే అని మేమంటున్నట్టు అనుకోవద్దని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు బైసెక్సువల్ మనుషులు 1990 ప్రాంతంలోనే తమ పత్రికలో రాసుకున్నారు. ఆ రెండుని చాలామంది "నా జెండర్ ఒకటి, నాది కాని జెండర్లన్నీ ఇంకొకటి" అని చదువుకుంటారు. ఎవరు ఏ మాట వాడుకుంటే మీరూ అదే వాడండి, వాళ్ళని కూర్చోబెట్టి వ్యుత్పత్తి పాఠం చెప్పకండి.

ఏడో అడుగు: ఎవరైనా మీతో చెప్పినప్పుడు

దీనికి నా ఘనకార్యమే చెప్తాను. ఇంజనీరింగ్ నుంచీ తెలిసిన స్నేహితుడు ఒక రాత్రి ఫోన్ చేసి, వాతావరణం గురించీ ఆఫీసు గురించీ అరగంట మాట్లాడి, అప్పుడు "నీకో మాట చెప్పాలిరా, నేను బైసెక్సువల్‌ని" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అదేంట్రా, మరి చెల్లెమ్మ పరిస్థితేంటి?" అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "దానికి పెళ్ళికి ముందే చెప్పానురా. నీకు చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది."

ఆ అరగంట కబుర్లూ వాడు ధైర్యం కూడగట్టుకోవడానికే అని నాకు ఫోన్ పెట్టేశాక వెలిగింది.

ఇప్పుడైతే ఏం అంటాను? "చెప్పావు, మంచిపని చేశావురా" అంటాను. తర్వాత, "ఇంకెవరికి తెలుసు? ఎవరి దగ్గరైనా నోరు జారకుండా చూసుకోవాలా?" అని అడుగుతాను. ఈ రెండో ప్రశ్న మర్యాద కోసం కాదు. ఒకరి గురించి వాళ్ళకి తెలియకుండా మీరు ఇంకొకరికి చెప్పేస్తే వాళ్ళ ఉద్యోగం, ఇల్లు, తల్లిదండ్రులతో బంధం దెబ్బతినొచ్చు. "మా ఆవిడకి చెప్తే ఏమవుతుంది, ఎవరికీ చెప్పదులే" అనుకోవడం కూడా చెప్పేయడం కిందే లెక్క.

అడగకూడనివి: ఎంతమందితో, ఎవరెక్కువ నచ్చుతారు, నేనంటే నీకు అలాంటిదేమైనా ఉందా. చివరిది మరీ. మీరు స్ట్రెయిట్ అయినంత మాత్రాన ఎదురుపడిన ప్రతివాళ్ళూ మీకు నచ్చేస్తున్నారా?

"ఇది కొన్నాళ్ళుండి పోయేదే" అని కూడా అనకండి. కొందరు కొంతకాలం ఈ మాట వాడి తర్వాత వేరే మాటకి వెళ్తారు, నిజమే. అది వాళ్ళు చెప్పుకోవాలి, మీరు ముందే జోస్యం చెప్పక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: ఈ మాట మీ కోసమేనా అని చూసుకుంటుంటే

తీరిగ్గా, ఒంటరిగా ఉన్నప్పుడు వెనక్కి చూసుకోండి. సినిమా చూస్తున్నప్పుడు మీ కళ్ళు ఎవరి మీద నిలిచాయి? ఎవరి మెసేజ్ కోసం ఫోన్ పదిసార్లు తెరిచారు? "వాళ్ళలా ఉండాలని ఉంది" అనుకున్నది నిజంగా అదేనా, లేక "వాళ్ళతో ఉండాలని ఉంది" అనా? ఈ రెండింటికీ తేడా పట్టుకోవడానికే కొందరికి ఏళ్ళు పడుతుంది.

మాటని వేసుకుని చూడండి, చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నట్టు. ఎవరికీ చెప్పకుండా, మనసులోనే "నేను బైసెక్సువల్‌ని" అనుకుని ఒక వారం ఉండండి. ఊపిరి తేలికైతే సరిపోయినట్టు. బిగుతుగా ఉంటే విప్పేయండి, ఏ పేరూ లేకుండా కూడా బతకొచ్చు. పెళ్ళయిందనో, వయసు మీరిందనో, ఇన్నాళ్ళూ తెలియలేదనో ఈ మాట వేసుకునే అర్హత పోదు. ఇంట్లో చెప్పి తీరాలన్న నియమం కూడా లేదు. మీ చదువు, తిండి, నెత్తిమీద కప్పు ఇంకా ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఉంటే, ముందు ఒక నమ్మకమైన మనిషిని చూసుకుని అప్పుడు నోరు విప్పండి. తొందరేం లేదు.

నా ఇంటర్వ్యూ అనువాదం సంగతి చెప్పకుండా వదిలేశాను కదూ. మేడం "ద్విలింగ వ్యక్తిని" కొట్టేసి "బైసెక్సువల్‌ని" అని పెట్టారు. చదివేవాళ్ళకి అర్థం కాకపోతే ఎలా అని నేను పక్కన వివరణ ఇరికించబోతే, "కింద లైను చదివారా మీరు?" అన్నారు. చదివాను. ఆవిడే చెప్పుకుంది, "నాకు మా ఆయనంటే ఇష్టం, ఆయనకి ముందు ఇష్టపడిన అమ్మాయి అన్నా అంతే ఇష్టం ఉండేది" అని.